బకాయిపడిన చదువు

(రజతోత్సవ సభలలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునుండి పుస్తకము నింటికి గొనిపోవు ప్రతి చందాదారునకును ఒక గడువు తేదీ యుండును. ఆ తేదీ పుస్తకపు టట్టలోపల అంటించిన చీటిపై ముద్రింపబడి యుండును. గడువు దాటినచో దినమునకు ఇంత యని అపరాధ రుసుము. ఇది యందరును ఎరిగినదే. కాని గ్రంథపాలకులకు బాగుగా తెలిసిన విషయము మరియొకటి కలదు. గడువు రెండు మూడు దినములు దాటినవాడు నవ్వుచు వచ్చి, రుసుము చెల్లించి, వేరొక పుస్తకము తీసికొని పోవును. రెండు మూడు నెలలు దాటినవాడో, గ్రంథాలయమున్న వీథినే విడిచి చుట్టుదారిని నడచును. రుసుము చెల్లింపలేక కాదు. అది కొలది రూపాయలకు మించదు. “ఇంతకాల మేమైతివి?” అను ప్రశ్నకు బదులు చెప్పలేక. ఆ విధముగా అతడు ఒక్క పుస్తకమును దాచి, గ్రంథాలయము నంతటిని పోగొట్టుకొనును.

చదువు బకాయిపడిన విద్యార్థి స్థితియు సరిగా నిట్టిదే. చేయవలసిన లెక్కలు పది యున్నవనుకొందురు. ఆ పది లెక్కలవలన ఏ బాలుడును చెడిపోడు. వానిని దాచుటకై అతడు చేయు పనులవలన చెడిపోవును. బకాయి స్వల్పము, దానిపై పెరుగు వడ్డీ సిగ్గు. పల్లెలలో అప్పు తీసికొన్న ప్రతివాడును ఎరుగును: అసలు మనుష్యుని కూల్చదు, వడ్డీ కూల్చును.

బకాయి యెట్లు పుట్టును?

సంక్రాంతి సెలవులను ఉదాహరణముగా గొనవచ్చును. పదవ తరగతి విద్యార్థికి ఉపాధ్యాయుడు కొన్ని లెక్కలు, ఒక వ్యాసము, ఒక పటము ఇచ్చి పంపును. సెలవుల మొదటి దినమున పుస్తకము తెరచుటకు తొందర లేదు. భోగినాడు పనికి వీలు లేదు. పండుగనాడు బంధువులు, కనుమనాడు పశువుల పూజ, ఆటపాటలు. తరువాత మిగిలిన దినములు సెల్‌ఫోనులో బొమ్మలు చూచుటతో గడచును. సెలవుల తుది రాత్రి పుస్తకము తెరచినంతనే మొదటి లెక్కయే తెలియదు. “రేపు ఉదయము చేసెదను” అని మూయును. ఆ ఉదయము పాఠశాలకు పోవలసిన యుదయము.

ఇక్కడివరకు జరిగినది సామాన్యమైన ఆలస్యము. దీనిని సోమరితన మని పెద్దలు నిందింతురు. కాని పరిశీలించి చూచినచో, పనిని వాయిదా వేయువాడు పనినుండి పారిపోవుటలేదు; ఆ పనిని చూచినపుడు మనసునకు కలుగు చికాకునుండి పారిపోవుచున్నాడు. తెలియని లెక్క ముందు కూర్చున్నపుడు కలుగు భయము పుస్తకము మూసినంతనే శమించును. ఆ క్షణమున కలిగిన హాయియే రేపటి వాయిదాకు ఎర.

ఈ హాయి యెంతకాలము నిలుచునో అమెరికాలో డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ అను మనశ్శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థులయందు పరిశీలించి 1997లో ప్రకటించిరి. పనిని వాయిదా వేయు స్వభావముగల విద్యార్థులు చదువుకాలపు ప్రారంభమున ఇతరులకన్న నిశ్చింతగా, ఆరోగ్యముగా నుండిరి. గడువు సమీపించినకొలది వారి యాందోళనయు అనారోగ్యమును ఇతరులను మించిపోయెను. తుదకు వారికి మార్కులును తక్కువే వచ్చెను. అనగా ముందు పొందిన సుఖము ఉచితముగా లభించినది కాదు, అప్పుగా తెచ్చుకొన్నది. తీర్చునపుడు తెచ్చినదానికన్న ఎక్కువ తీర్చవలసి వచ్చినది.

బకాయి యెట్లు పెరుగును?

పాఠశాల తెరచిన దినమున ఉపాధ్యాయుడు పుస్తకములు చూపుడనును. బాలుడు “ఇంటివద్ద మరచితి” ననును. ఇది మొదటి వడ్డీ. మరునాడు అదే ప్రశ్న వచ్చునని కడుపునొప్పి కల్పించుకొని ఇంటనుండును. ఆ దినమున చెప్పిన క్రొత్త పాఠమును పోయినది. పది లెక్కల బకాయి యిరువదియైనది. మూడవనాడు తోటివాని పుస్తకము తెచ్చి, అర్థము చేసికొనక, రాత్రికి రాత్రి అంతయు ఎత్తి వ్రాయును. పుస్తకము నిండినది, తల నిండలేదు. ఉపాధ్యాయుడు ఆ పుటలపై సంతకము చేసినపుడు బకాయి తీరినట్లు కనబడును గాని, నిజమునకు అది లెక్కలోనుండి మాయమై, కనబడని చోటికి చేరినది. మార్చి నెలలో పరీక్షాధికారి దానిని వెలికి తీయును.

ఏడాది బడి విడిచిపెట్టిన పిల్లల సంగతి విచారించినచో, ఒక్క దినమున విడిచినవారు అరుదు. మొదట ఒక దినము, తరువాత వారమునకు రెండు దినములు, అటుపై పరీక్ష రుసుము కట్టు దినమున కనబడకపోవుట. ఇంటివారు “వానికి చదువు అబ్బలేదు” అందురు. చదువు అబ్బకపోవుట వేరు, చదువువద్దకు తిరిగి పోవుటకు ముఖము చెల్లకపోవుట వేరు. రెండవదానిని మొదటిదిగా భ్రమించుటచేత ఎందరో బాలబాలికలు గొడ్లవెంటను, కూలిపనులకును పోయినారు.

రాజకోటలో ఒక విద్యార్థి

బకాయిపడిన చదువును తీర్చుకొన్న విద్యార్థి నొకనిని గూర్చి తెలిసికొనుట మంచిది. అతడు సామాన్యమైన తెలివిగలవాడే. గొప్ప మేధావి నని అతడెన్నడును చెప్పుకొనలేదు. గుజరాతు దేశమున రాజకోటలో ఉన్నత పాఠశాలయందు చదువుచుండగా పదుమూడవ యేట అతనికి వివాహము చేసిరి. ఆ వివాహమువలన ఒక సంవత్సరము చదువు పోయినది. పోయిన కాలమును పూరించుటకై ఉపాధ్యాయుడు అతనిని మూడవ తరగతిలో ఆరు నెలలు మాత్రముంచి నాలుగవ తరగతికి పంపెను. ఆ తరగతినుండి పాఠములలో పెక్కు ఆంగ్లమున బోధింపబడుచుండెను. రేఖాగణితము క్రొత్త, భాషయు క్రొత్త. ఉపాధ్యాయుడు చక్కగా చెప్పుచున్నను అతనికి అర్థము కాలేదు. రెండేండ్ల చదువు ఒక్క యేట చదువుట తన తరము గాదని, మూడవ తరగతికి తిరిగి పోదునని పలుమారు తలచెను. కాని తిరిగిపోయినచో తనకేగాక, తనను నమ్మి పై తరగతికి పంపిన ఉపాధ్యాయునకును అప్రతిష్ఠ వచ్చును. ఆ తలంపు అతనిని నిలిపినది. కష్టపడి ఒక్కొక్క సిద్ధాంతమే దాటుచు యూక్లిడు పదుమూడవ సిద్ధాంతమునకు వచ్చునప్పటికి, ఆ శాస్త్ర మెంత సులభమో అతనికి హఠాత్తుగా తెలిసినది. కేవలము బుద్ధిని ఉపయోగించిన చాలునను శాస్త్రము కష్టమెట్లగునని అతడు తరువాత ఆశ్చర్యపడెను. నాటినుండి రేఖాగణితము అతనికి ఇష్టమైన విద్య యయ్యెను.

ఆ విద్యార్థి మహాత్మాగాంధి. ఈ వృత్తాంతమును ఆయన తన ఆత్మకథలో స్వయముగా వ్రాసినారు.

ఇందు గమనింపదగినది పదుమూడవ సిద్ధాంతము. పండ్రెండవదానివరకు వెలుగు లేదు. చీకటిలోనే పండ్రెండడుగులు నడువవలసి వచ్చినది. బకాయి తీర్చు విద్యార్థులలో పలువురు నాలుగవ యైదవ యడుగున ఆగిపోవుదురు. “ఇంత చదివినను అర్థము కాలేదు” అని నిస్పృహ చెందుదురు. వెనుకబడినవానికి మొదటి దినములలో ఫలము కనబడదు. ఇది అతని బుద్ధిలోని లోపము కాదు. ఆ మార్గపు స్వభావము.

ఆ ఆత్మకథయందే రెండవ వృత్తాంతము కలదు. సంస్కృతము బాలుడైన గాంధికి మరింత కష్టమయ్యెను. పారశీకము సులభమని, ఆ ఉపాధ్యాయుడు సాధువని తోటివారు చెప్పగా విని, ఒకనాడు పోయి పారశీకపు తరగతిలో కూర్చుండెను. సంస్కృతోపాధ్యాయుడు దండింపలేదు. బాలుని దగ్గరకు పిలిచి, తన నొచ్చుకోలును తెలిపి, కష్టమున్నచో తనవద్దకు రావచ్చునుగదా యని మృదువుగా చెప్పెను. ఆ దయకు బాలుడు సిగ్గుపడి సంస్కృతపు తరగతికి తిరిగివచ్చెను. కృష్ణశంకర పాండ్యా యను ఆ గురువును ఆయన పెద్దవాడైన తరువాతను కృతజ్ఞతతో స్మరించిరి. నాడు ఆ గురువు బెత్తము పట్టియున్నచో ఏమగునో ఎవరును చెప్పలేరు. దయ పట్టినందున ఏమైనదో లోకమెరుగును.

అందే మూడవ సంగతియు కలదు, అది హెచ్చరిక. చక్కని చేవ్రాత చదువులో భాగము కాదని బాల్యమున తలచి గాంధి దానిని నిర్లక్ష్యము చేసిరి. పిమ్మట దక్షిణాఫ్రికాలో ఇతరుల ముత్యములవంటి వ్రాతను చూచి సిగ్గుపడి దిద్దుకొన ప్రయత్నించిరి. కాని కాలము మించిపోయినది. కాబట్టి బకాయిలన్నియు ఎప్పుడైనను తీరునను ధైర్యము మంచిది కాదు. కొన్ని తీరును, కొన్ని సగము తీరును, కొన్ని మిగిలిపోవును. అందువలననే నేడు మొదలుపెట్టవలయును.

బకాయి యెట్లు తీరును?

మొదట లెక్క వ్రాయవలయును. ఒక కాగితముపై ఏ పాఠములు, ఏ లెక్కలు, ఏ పటములు మిగిలినవో వరుసగా వ్రాసినచో భయము సగము తగ్గును. మనసులోనున్న బకాయికి అంతు లేదు. కాగితముపై నున్నదానికి ఒక సంఖ్య యుండును. “అంతయు పోయినది” అని విలపించు బాలుడు కాగితము తీసి వ్రాసినచో, పదునేడు లెక్కలు, రెండు పాఠములు, ఒక పటము అని తేలును.

రెండవది, నేటి పాఠము నేడే చదువవలయును. పాత బకాయిని తీర్చుటలో నేటి పాఠమును విడిచినవాడు ఒక గోతిని పూడ్చుటకు మరియొక గోతిని త్రవ్వుచున్నాడు. నేటిది పూర్తిచేసి, ఆపైన పాతదానినుండి కొంచెము తీయవలయును.

మూడవది, ఏది ముందో యెరుగవలయును. చరిత్రలో ఒక పాఠము విడిచినను తరువాతి పాఠము చాలవరకు అర్థమగును. గణితము అట్టిది కాదు. కారణాంక విభజన రానివానికి వర్గ సమీకరణములు లొంగవు. సరూప త్రిభుజములు తెలియనివానికి త్రికోణమితి అంధకారము. కావున ఇతర పాఠములు దేనిపై ఆనుకొనియున్నవో ఆ పాఠమును ముందు తీర్చవలయును, అది క్రింది తరగతి పుస్తకములో నున్నను సరియే. పదవ తరగతివాడు ఎనిమిదవ తరగతి పుస్తకము తెరచుట చిన్నతనము కాదు. గోడ కూలినచోట పునాది చూచువాడే తాపీమేస్త్రి.

నాలుగవది, ఒక్క రాత్రిలో తీర్చబూనరాదు. జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు అర్థములేని అక్షరముల వరుసలను తానే కంఠస్థము చేయుచు, జ్ఞాపకశక్తిని కొలిచి 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒక్కమారుగా కూర్చుండి వరుసగా 68 సార్లు వల్లించుటవలన మరునాటికి కలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 సార్లు వల్లించినంతనే కలిగెను. శ్రమలో దాదాపు సగము మిగిలినది. పరీక్ష ముందటి రాత్రి తెల్లవార్లు మేలుకొని చదువువాడు ఎక్కువ కష్టపడి తక్కువ పొందుచున్నాడని దీనివలన తెలియును. ఆ పండితుడే మరియొక శుభవార్తయు చెప్పెను: ఒకమారు నేర్చి మరచినది పూర్తిగా పోదు, తిరిగి నేర్చునపుడు మొదటికన్న తక్కువ కాలము పట్టును. మరచితినని దుఃఖించు విద్యార్థి తాను సున్ననుండి మొదలుపెట్టుటలేదని గ్రహింపవలయును.

ఐదవది, మిక్కిలి కష్టమైనది: ఉపాధ్యాయునితో నిజము చెప్పవలయును. “అయ్యా, ఈ పదునేడు లెక్కలు నేను చేయలేదు. ఆదివారములోగా చేసెదను. మొదటి రెండును అర్థము కాలేదు” అని చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. ఆ నిమిషమును తప్పించుకొనుటకే బాలుడు నెలలు వ్యర్థపరచును. చెప్పినంతనే దాచవలసిన పని తీరును. దాచుటకు పెట్టిన శక్తి చదువుటకు మిగులును.

ఈ మాటలలో రైతులకు క్రొత్తది లేదు. నాట్లు ఆలస్యమై నారు ముదిరినచో రైతు నారుమడి నొదలిపెట్టి ఇంట కూర్చుండడు. కుదుళ్ల సంఖ్య పెంచి, కుదురునకు మొక్కలు ఎక్కువ పెట్టి, దగ్గర దగ్గరగా నాటును. తొలకరి తప్పిపోయి మెట్టచేలలో ప్రధాన పంటకు అదను దాటినచో ఉలవలు చల్లును. మంచి యదనున వేసిన పంటతో అది సమానము కాకపోవచ్చును. కాని బీడుకన్న మేలు. ఆలస్యమైన చదువునకును ఇదే నీతి. పూర్తి ఫలము రాదని తెలిసినను చేను విడిచిపెట్టకుండుట సేద్యము.

పెద్దల కర్తవ్యము

ఇంతవరకు చెప్పినది విద్యార్థులకు. పెద్దలకు చెప్పవలసినది కొంత కలదు.

కెనడాలో కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున 119 మంది మొదటి సంవత్సరపు విద్యార్థులను పరిశీలించి, ముగ్గురు మనశ్శాస్త్రజ్ఞులు 2010లో ఒక విషయము ప్రకటించిరి. మొదటి పరీక్షకు చదువుట వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకొన్న విద్యార్థులు రెండవ పరీక్షకు అంతగా వాయిదా వేయలేదు. తమను తాము నిందించుకొనుచుండినవారికి ఆ మేలు కలుగలేదు. క్షమ సోమరిని చేయునని లోకము తలచును. ఇక్కడ క్షమయే పనికి పురికొల్పినది. ఇది అనుభవమునకును సరిపడును. తిట్లు తిన్నవాడు పుస్తకమును చూచినపుడెల్ల తిట్లనే జ్ఞాపకము చేసికొనును. అట్టి పుస్తకమును ఎవడు తెరచును?

మరియు బకాయిలన్నియు బాలుర తప్పిదములు కావు. మిరపకోతలకు, పత్తితీతలకు తల్లిదండ్రులు పిల్లలను వెంటగొనిపోవుదురు. పెద్దవారు పనికి పోయినపుడు చంటిబిడ్డను చూచుకొనుటకు ఆడపిల్లను ఇంట నుంచుదురు. ఆ వారము దినముల పాఠములు ఆ బాలిక వాయిదా వేసినవి కావు. ఇంటివారు ఆమెచేత వాయిదా వేయించినవి. పిమ్మట మార్కులు తక్కువ వచ్చినవని ఆమెను బడి మాన్పించుట ధర్మము కాదు. ఇంటి యవసరమునకు ఆమె చదువును అప్పుగా తీసికొన్న ఇల్లు, దీపమును, స్థలమును, గంట కాలమును ఇచ్చి ఆ అప్పును తిరిగి తీర్చవలయును.

తీర్చుట సాధ్యమే. 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, పనులలో నున్న పిల్లలను శిబిరములకు తెచ్చి, వారధి శిక్షణ నొసగి, వయస్సునకు తగిన తరగతులలో చేర్చినది. ఏండ్ల తరబడి బడి మొగమెరుగని పిల్లలు తోటివారి సరసన కూర్చుండిరి. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే బహుమానము లభించినది. 2009 విద్యాహక్కు చట్టము ఆలస్యముగా బడిలో చేరిన బాలునకు తోటివారితో సమానమగుటకై ప్రత్యేక శిక్షణ పొందు హక్కును కల్పించినది. ఏండ్ల బకాయియే తీరినపుడు నెల దినముల బకాయికి బెదరనేల?

గ్రంథాలయము చేయదగినది

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము పుస్తకములను భద్రపరచుటతో తృప్తిపడలేదు. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పుస్తకముల పడవ నడచినది. పాఠకుడు రాలేనిచో పుస్తకమే అతనియొద్దకు పోవలయునని నాటివారి యాశయము. నేడు రాలేనివారు దూరమువలన రాలేకపోవుట లేదు, బిడియమువలన రాలేకున్నారు. వారికొరకును ఒక పడవ కావలెను.

అది పెద్ద వ్యయముతో కూడినది కాదు. సాయంకాలము ఒక గంట, ఒక బల్ల, ఒక దీపము. ఆరవ తరగతి మొదలు పదవ తరగతివరకు పాత పాఠ్యపుస్తకములు. సెలవులకు ఊరు వచ్చిన కళాశాల విద్యార్థి యొకడు, లేదా విశ్రాంతి పొందిన ఉపాధ్యాయు డొకడు. ఆ బల్లవద్ద ఒక్కటే నియమము: “ఎందుకు ఆలస్యమైన” దని ఎవరును అడుగరాదు. “ఎక్కడ ఆగిన” దని మాత్రమే అడుగవలయును.

ఏ పల్లెలోనైనను గ్రంథాలయపు విలువను బీరువాలలోని పుస్తకముల సంఖ్యతో కొలుచుట పరిపాటి. ఇకమీదట, బడి మానదలచి మానక నిలిచిన పిల్లల సంఖ్యను గూడ ఆ పక్కన వ్రాయుట మంచిది. ఆ సంఖ్య మొదటి సంవత్సరమున ఒకటి యైనను సిగ్గుపడ నక్కరలేదు. ఆ యొక్కరు ముందు వ్రాయవలసినది పదునేడు లెక్కలు. అందులో మొదటిది నేటి రాత్రి నిద్రకు ముందు చేయదగినది.